డోర్నకల్లులో ఒక పూట

డోర్నకల్లు అనగానే చాలామందికి జ్ఞాపకం వచ్చేది జంక్షను. కాజీపేట-విజయవాడ మార్గం నుంచి కొత్తగూడెం వైపు పట్టాలు చీలేది ఇక్కడే. నేనూ ఎన్నోసార్లు ఈ ప్లాట్‌ఫారం మీద టీ తాగి, ఊరి మొగం చూడకుండానే వెళ్లిపోయినవాణ్ణే. ఈ సంక్రాంతి సెలవుల్లో మాత్రం పనిగట్టుకుని దిగాను.

కారణం మా నాన్న. పల్లెటూరి మిషను బడిలో ముప్పయ్యేళ్లకు పైగా పంతులుగా పనిచేసి, నిరుడు కన్నుమూశారు. ఆయన పెట్టె తెరిస్తే రెండు పంచెలు, అరిగిపోయిన బైబిలు, అందులో ఈ ఊరి దేవాలయం బొమ్మ వున్న కార్డు! జీవితమంతా ధారపోసి ఈయన మిగుల్చుకున్నది ఇంతేనా అనిపించింది. ఆ మాటకొస్తే నేను మిగుల్చుకుంటున్నదేమిటి? ఇరవయ్యేళ్లుగా పద్యాలు చెబుతున్నాను. ఆదివారం గుడికి వెళుతున్నాను. రెండూ వట్టి అలవాట్లయిపోయాయి.

1939లో ప్రతిష్ఠ జరిగిన దేవాలయమిది. దూరాన్నుంచి గుమ్మటాలు మసీదును తలపిస్తాయి. దగ్గరికి వెళితే రాతి స్తంభాలు మన గుడి మండపంలా వుంటాయి. పరాయిగడ్డ నుంచి తెచ్చి నిలబెట్టినట్టు కాక, ఈ నేలలోనే మొలిచినట్టుంటుంది.

దీన్ని కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి సీమలో 1874లో పుట్టిన తమిళుడు, పల్లెటూరి పాదిరి కొడుకు. 1909లో ఇక్కడికి వచ్చారు. ముప్పయి దాటిన వయస్సులో తెలుగు నేర్చుకున్నారంటే తెలుగు మేష్టరుగా నాకు ముచ్చటేసింది. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలని దొరల మొగం మీదే చెప్పిన ధైర్యశాలి. 1912లో బిషప్పయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది ఊరి వెలుపల వుంచబడిన కూలిజనం. ఇచ్చే చెయ్యి బీదదైనా ఇవ్వాలని ఆయన బోధ. ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం దేవుడి పేర వేరే కుండలో వేసే ఆచారం ఈ సంఘాల్లో వుండేది. మా అమ్మా అలాగే వేసేది. నెల చివర మా కంచాల్లో అన్నం తగ్గినా ఆ కుండ తగ్గేది కాదు.

1945 జనవరి 1న మరణించిన ఆయన్ను ఇక్కడే సమాధి చేశారు. ఆవరణలో ఒక ముసలమ్మ ఆకులు ఊడుస్తున్నది.

"ఎవరి కోసం వచ్చినవు, సారూ?"

"ఊరికే, చూద్దామని. రోజూ ఊడుస్తావా అమ్మా?"

"మా ఆయన పోయినప్పటి సంది."

"రేపు మళ్లీ రాలతాయిగా?"

"రాలుతయి. మళ్ల ఊడుస్త."

"ఎవరు చూస్తారు?"

ఆమె చీపురు ఆపి, నన్ను పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "ఎవరి యిల్లు ఊడుస్తున్ననో ఆయన చూస్తలేడా?"

నేను మాట్లాడలేకపోయాను. మా నాన్న కూడా ఏటేటా కొత్త పిల్లలకు అవే ఓనమాలు దిద్దించారు. పెట్టెలో ఏం మిగిలిందని వెదికాను గాని, ఎవరి యెదుట దిద్దించారో ఆలోచించలేదు. ఫలితం చేతికి దక్కకపోయినా, చూసేవాడొకడున్నాడన్న నమ్మకంతో చేసిన పని వ్యర్థం కాదు. క్రీస్తును నమ్మడమంటే ఆయనకు ఆదివారం హాజరు వేయించుకోవడం కాదని నలభైయ్యారో ఏట తెలిసింది!

లోపలికి వెళ్లి, చాలాకాలం తరువాత, నా మాటలతో నేను ప్రార్థించుకున్నాను. తిరిగి వస్తూ చూస్తే ఆమె ఊడ్చిన చోట అప్పుడే నాలుగు ఆకులు రాలాయి. వంగి వాటిని ఏరి, స్టేషను దారి పట్టాను.