గిడుగు

గత సంవత్సరము ఆగస్టు 15వ తేదీ యుత్సవమునకై మా యేడవ తరగతి బాలురచే నొక పల్లెటూరి దృశ్యము ప్రదర్శింపజేయ నిశ్చయించి, దానికి వలయు వేషముల భారము మేము వహించితిమి. పంచెలకు, తుండుగుడ్డలకు కొఱత లేకపోయెను. రైతు తలకేమి పెట్టవలెనను ప్రశ్న వచ్చినపుడు బాలురందఱు నొక్క గొంతుతో "టోపీ" యనిరి. మఱునాడే పూర్ణామార్కెట్టునుండి పండ్రెండు గడ్డిటోపీలు వచ్చినవి. వాని యంచులు రెండు ప్రక్కల పైకి చుట్టుకొనియుండెను. నడుమ నొక తోలుపట్టీ, దానికొక యిత్తడిబిళ్ల. చూడముచ్చటగానే యుండెను గాని, అట్టిదానిని పెట్టుకొని మన జిల్లాలో దుక్కి దున్నిన రైతును మేమెన్నడును చూచి యెఱుగము. అది అమెరికా దేశపు పసులకాపరుల టోపీకి నకలు. 1865వ సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరమున స్టెట్సను అను నాతడు టోపీల వ్యాపారమారంభించి ప్రసిద్ధికి తెచ్చిన టోపీకి అంచు సమముగాను వెడల్పుగాను ఉండెడిది. ప్రక్కలు పైకి చుట్టుట తరువాత వచ్చిన వాడుక.

గడ్డిటోపీయందు మాకు ద్వేషము లేదు. విశాఖపట్టణపు వేసవి నెఱిగినవారెవ్వరును దానిని నిందింపరు. పెట్టుకొనువారికి మాత్రమొక మాట. అంచు చెవులకును మెడవెనుకకును నీడనీయవలెను; లేనియెడల అది యలంకారమే. లోపల తడిపిన తుండుగుడ్డ నొక మడత వేసికొన్నచో తల చల్లగా నుండును. తీసి పెట్టునపుడు అంచుమీద గాక బోర్లించిన గిన్నెను వెల్లకిల వేసినట్లు తలక్రిందుగా పెట్టవలెను, అంచు వంగిపోదు. మేమీ సంగతులు బాలురకు శ్రద్ధగా బోధించితిమి. టోపీని కొంచెము వాలుగా పెట్టిన రైతు ధీమాగా కనబడునని కూడ చెప్పితిమి. ఇపుడు తలచుకొన్న మాకే సిగ్గగుచున్నది.

ఉత్సవమునకు నాలుగు దినములు ముందు, అరకు లోయకు ఆవలి పల్లెనుండి వచ్చి మా వసతిగృహమున నుండి చదువుకొను బాలుడొకడు ఒక వస్తువును రెండు చేతులతో నెత్తుకొని అభ్యాసమునకు వచ్చెను. సన్నని వెదురు బద్దలతో నల్లిన రెండు పొరలు. వాని నడుమ పేర్చిన అడ్డాకులు. తలవద్ద గుండ్రముగా మొదలై, వీపు పొడవున నడుమువఱకు దిగిన యొక దొప్ప. "ఇదేమిరా?" యని యడిగితిమి. "గిడుగండి. మావోళ్లు ఊడుపులకి ఇదే ఎట్టుకుంటారండి" అని, దానిని తలకు తగిలించుకొని వంగి చూపెను. ఎవడో "తాబేలు!" అని కేకవేసెను. బాలురందఱును నవ్విరి. మేమును నవ్వితిమి.

ఆ నవ్వు పెద్దది కాదు; కాని యా బాలుడు చూచినది బాలురను కాదు, మమ్మును. వాడు దానిని తీసి, మాటలాడక వెడలిపోయెను. ఉత్సవదినమున పండ్రెండు మంది రైతులు ఇత్తడిబిళ్లల టోపీలతో నాట్లు వేసిరి. చప్పట్లు బాగుగనే మ్రోగెను.

మా యింట జరిగిన సంగతి యొకటి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. మా తాతగారు ఉపదేశిగా నుండిరి. ఆయనకు దొరగారొకరిచ్చిన జీలుగుబెండు టోపీ మేకుకు వ్రేలాడుచుండెడిది. ఆదివారముదయమున మా నాయనమ్మ దాని దుమ్ము తుడుచుట గొప్ప కార్యము. ఆ బెండు చెఱువులలో మొలచు జీలుగు మొక్కదే. అడ్డాకు కొండ తీగదే. దానిని తాకుటకు భయపడిన మేము, దీనిని చూచి నవ్వితిమి. మా విద్యార్థుల తండ్రులనేకులు ఉక్కు కర్మాగారమునను రేవునను తలకు గట్టి టోపీ లేనిదే లోపల నడుగు పెట్టరు. అవియు వింతగానే యుండును, ఎవ్వరును నవ్వరు. పూరీ తీరమున స్నానముచేయువారిని చేయిపట్టి అలలు దాటించు నూలియాలు మన తెలుగు జాలరులే. వారి కొనదేలిన తెల్లటోపీని చూచిన యాత్రికునకు ధైర్యము కలుగును. ఈక్వడారు దేశపు ఆకునార టోపీల యల్లికను యునెస్కో సంస్థ 2012లో మానవజాతి వారసత్వములలో చేర్చినది. నవ్వు దేనికి, గౌరవము దేనికి అని మేమాలోచింపసాగితిమి.

రెండు దినములైన పిమ్మట వసతిగృహపు పర్యవేక్షకులు మాతో నొక సంగతి చెప్పిరి. ఆ గిడుగు బాలుని తల్లిది. ఇంట నున్నదదియొక్కటే. వేషమునకు కావలెనని బిడ్డ కబురుపంపగా, ఊడుపుల నడుమ దానిని బస్సులో నెవరిచేతనో పంపినదట. వాడు మరల పంపుటకు దారిలేక మంచము క్రింద దాచెను. కొండలలో నపుడు ముసురు.

ఆ శనివారము కిరండోలు పాసింజరులో బాలుని వెంటబెట్టుకొని మేమే బయలుదేఱితిమి. సొరంగములు దాటుచున్నంతసేపును వాడు గిడుగును ఒడిలో పెట్టుకొని కిటికీవైపు చూచుచుండెను. ఏమి చెప్పవలెనో మాకు తోచలేదు. చివరకు, "మేము నవ్వుట తప్పురా" అంటిమి. వాడు "పర్లేదండి" యనెను. పిల్లలు పెద్దలతో ననుమాట యదియే గదా.

తల్లి మడిలో నుండెను. వీపున నీలిరంగు ప్లాస్టికుపట్ట కట్టుకొని యున్నది. గాలికది యెగిరిపోవుచుండగా నొకచేత దానిని పట్టుకొని, రెండవచేత నాటుచున్నది. బిడ్డ గట్టుమీదినుండి గిడుగు నందించెను. ఆమె పట్టను తీసి, గిడుగు తగిలించుకొని, రెండు చేతులతోను నారు పట్టుకొన్నది. అపుడు మాకు గొడుగునకును గిడుగునకును గల భేదము తెలిసినది. గొడుగు ఒక చేతిని తీసికొనును.

మధ్యాహ్నము ఆమె దానిని మా తలకు తగిలించి చూపినది. వాన మా ముఖమునను రొమ్మునను కొట్టినది. "ఒంగోండి మేస్టారూ, నిలబడితే తడిసిపోతారు" అని నవ్వినది. వంగితిమి. చినుకులు వీపుమీది యాకులపై టపటప మ్రోగుచుండగా, లోపల మాకొక్క చుక్కయు తగులలేదు. పని ముగిసిన పిదప దానిని పొయ్యిపైని అటకమీద పెట్టుదురట. పొగకు పురుగు పట్టదట.

ఆ యూరి వృద్ధునొకని యడిగి, వెలయిచ్చి, మేమొక గిడుగును చేయించుకొంటిమి. అది యిపుడు మా తరగతి గోడకు వ్రేలాడుచున్నది.

ఇంకొక తప్పును కూడ చెప్పుకొనవలెను. ఆగస్టు 29వ తేదీ తెలుగుభాషా దినోత్సవము. ఆ దినమున 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని గూర్చి, వారి వ్యావహారికభాషోద్యమమును గూర్చి, సవరభాషకు వారు చేసిన సేవను గూర్చి మేము ప్రతి సంవత్సరము పాఠము చెప్పుచుంటిమి. (ఈ వ్యాసపు భాషను చూచినచో వారు మమ్ము మందలించి యుందురు.) ఇన్నేండ్లలో ఆ యింటిపేరు మాట కర్థమేమియని యే బాలుడును మమ్మడుగలేదు, మేమును చెప్పలేదు.

ఈ సంవత్సరము అడిగితిమి. తరగతి యంతయు గోడవైపు చూచినది. ఆ బాలుడు లేచి, గిడుగును దింపి, బద్ద చీల్చుట మొదలుకొని యాకు పేర్చుటవఱకు తన మాటలలోనే చెప్పెను. వెనుక బల్లనుండి, నిరుడు "తాబేలు" అన్నవాడే, "గాలొస్తే ఎగిరిపోదా?" అని యడిగెను.

"ఒంగుంటే పోదు" అని వాడు చెప్పెను.