కామారెడ్డి ప్రింటర్



కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి సేవకు వచ్చి మూడు నెలలైంది. ప్రతి శనివారం రాత్రి ఇదే తంతు. ప్రసంగం టైపు చేసి సేవ్ చేస్తాను. ఫైలు మూయబోతే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. తెర తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అంటుంది. వైరస్ అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. యాడ్-ఇన్‌లు లేకుండా సేఫ్ మోడ్‌లో తెరిచాను. అదే తీరు.

మా సంఘంలో డిగ్రీ చదివే తమ్ముడొకడు సెట్టింగ్స్ చూసి నవ్వాడు. "అయ్యగారూ, డీఫాల్ట్ ప్రింటర్ ఇంకా కామారెడ్డి ఆఫీసుదే ఉన్నది. అది ఇక్కడ లేదు గదా! అయినా దాన్నే వెతుకుతున్నది." పీడీఎఫ్ ప్రింటర్‌ను డీఫాల్ట్ చేశాడు. ఫైలు వెంటనే మూసుకుంది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. పోయిన ఆదివారం ఒక అవ్వ, "అయ్యగారూ, నా పేరు ఇంకా యాదికొస్తలేదా?" అని అడిగింది. నవ్వి తప్పించుకున్నాను. లోతు భార్య గురించి ఎన్నిసార్లు బోధించానో! ఇక్కడ పులపీఠం మీద నిలబడి, నేను వెతుకుతున్నది మాత్రం కామారెడ్డి ముఖాలనే.

తెల్లవారి ఆరాధనకు ముందే అవ్వ ఇంటికి వెళ్లాను. క్షమించమని పేరు అడిగాను, ప్రార్థన చేశాను.

మనలను ఉంచిన చోటనే ఉండే మనసును దేవుడు దయచేయును గాక. ఆమేన్.