మనిషితో పాటు వెళ్ళిపోయే సూచిక

ప్రతి గ్రంథాలయంలోనూ రెండు సూచికలుంటాయి. ఒకటి కార్డుల సొరుగుల్లోనో, కంప్యూటర్‌లోనో ఉంటుంది. రెండవది గ్రంథపాలకుని తలలో ఉంటుంది. మొదటిది రచయిత పేరు చెబుతుంది. అట్ట ఊడిన ఆ పుస్తకం బైండింగు నుంచి వచ్చాక ఏ బీరువాలో చేరిందో రెండవదే చెప్పగలదు.

చదువుకునే రోజుల్లో నేను వెళ్ళిన గ్రంథాలయంలో నాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది ఈ రెండవ సూచికే. పాత పత్రికల సంపుటాలలో ఫలానా ధారావాహిక ఎక్కడ మొదలైందో అక్కడి పెద్దాయన చూడకుండానే చెప్పేవారు. ఆయన ఉద్యోగ విరమణ చేశారు. సంపుటాలు అక్కడే ఉన్నాయి, వాటికి దారి మాత్రం పోయింది. తరువాత వచ్చినాయన శ్రద్ధ గలవారే. కాని ఆయనకు అప్పగించిన తాళాల గుత్తిలో ఆ జ్ఞాపకం లేదు.

అటువంటి జ్ఞాపకాన్ని నిలుపుకోవడానికి వికీ తగిన సాధనమని నా అభిప్రాయం. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని వెలువరించి, హవాయి భాషలో 'త్వరగా' అనే అర్థం గల మాటను దానికి పేరుగా పెట్టారు. అనుమతి ఉన్నవారెవరైనా పేజీని అక్కడికక్కడే దిద్దవచ్చు. ఎవరు ఏమి మార్చారో నమోదవుతుంది. పొరపాటు దొర్లితే వెనుకటి పాఠాన్ని తిరిగి తేవచ్చు.

అమెరికాలో కొన్ని గ్రంథాలయాలు దీనిని తొందరగానే అందిపుచ్చుకున్నాయి. వ్యాపార విషయాలు పరిశోధించే విద్యార్థులు ఏ ప్రశ్నకు ఏ ఆధారం చూడాలో తెలిపేందుకు ఒహాయో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 2005లో 'బిజ్ వికీ' మొదలైంది. 2006లో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ పౌర గ్రంథాలయం వేసవి పఠన కార్యక్రమంలో పాఠకుల చేతనే వికీలో పుస్తక సమీక్షలు రాయించింది. మొదటిది సిబ్బంది ఎరుకను పాఠకులకు అందించింది. రెండవది పాఠకుల ఎరుకను గ్రంథాలయానికి చేర్చింది.

మనకు ఈ రెండూ కావాలి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్ల పాత పత్రికల సంపద ఉంది. ఏ సంచికలో ఏమున్నదో పరిశోధకులు తమ నోటుపుస్తకాల్లో రాసుకుని వెళ్ళిపోతే, తరువాత వచ్చినవారు మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. అదే వికీలో రాసి వెళ్తే ఒకరి శ్రమ పదిమందికి దక్కుతుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. చూసుకునే మనిషి లేని వికీ పాడుబడుతుంది. కనుక ఆ బాధ్యత ఒకరికి అప్పగించాలి. సిబ్బంది పేజీలు వేరుగా ఉండాలి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది మాత్రం ఎక్కడా రాయకూడదు. అది పాఠకుని సొంత విషయం.

దీనికి పెద్ద ప్రణాళిక అక్కరలేదు. ఈ వారం పాఠకులు అడిగిన పది ప్రశ్నలు, జవాబులు దొరికిన బీరువాల సంఖ్యలు - మొదటి పేజీకి అవి చాలు.