మా ఊరి బజారు ఉడ్‌ఫీల్డ్

షామ్‌బర్గ్‌లో బజారు వీధి లేదు. షికాగోకి వాయవ్యంగా ఉన్న ఆ ఊరు 1956లో గ్రామంగా నమోదైనప్పుడు అక్కడున్న జనం 130 మంది. అంతా జర్మన్ రైతుల పొలాలు. 1990 జనాభా లెక్కలకి 68 వేలు దాటారు. ఆ నడుమ కాలంలో ఊరికి జరిగిన అన్నిటికన్నా పెద్ద సంగతి ఉడ్‌ఫీల్డ్ మాల్. తెనాలిలో రెండో తరగతి చదివి మూడో తరగతికి షామ్‌బర్గ్ బడిలో చేరిన నాకు, అక్కడ ఇళ్లు కనిపించాయి, పచ్చిక కనిపించింది, వెడల్పాటి రోడ్లు కనిపించాయి. మనుషులు మాత్రం కనిపించలేదు. వాళ్లంతా ఎక్కడుంటారో శనివారం మధ్యాహ్నం ఉడ్‌ఫీల్డ్‌కి వెళ్లాక తెలిసింది.

మేము వెళ్లేనాటికి ఆ మాల్‌కి పదేళ్లు దాటాయి. 1971 సెప్టెంబరులో తెరిచారు. కట్టించినవాడు మిషిగన్‌కి చెందిన ఆల్‌ఫ్రెడ్ టాబ్‌మన్. అప్పుడు గ్రామాధ్యక్షుడు బాబ్ ఆచర్, రేడియోలో జానపద పాటలు పాడి పేరు తెచ్చుకున్న గాయకుడు. పొలాలు పోయి ఊరు రావడమన్నది ఆయన హయాంలోనే జరిగింది. మాల్ పేరులో సగం సియర్స్ కంపెనీని నడిపిన జనరల్ రాబర్ట్ వుడ్‌ది, సగం షికాగో వర్తకుడు మార్షల్ ఫీల్డ్‌ది. సియర్స్, మార్షల్ ఫీల్డ్స్, జేసీ పెనీ, ఈ మూడు పెద్ద దుకాణాలూ మొదటి ఏడాదిలోనే వచ్చాయి. వీటిని యాంకర్లు అంటారు. జనాన్ని రప్పించేది ఇవే కాబట్టి మాల్ యజమానులు వీటికి చవకగా చోటిస్తారు, లేదా స్థలమే అమ్ముతారు. మధ్యలోని చిన్న కొట్లవాళ్లు ఎక్కువ అద్దె కట్టి, ఆ వచ్చిపోయే జనం మీద బతుకుతారు. నడవకి ఆ చివరా ఈ చివరా యాంకర్లని ఎందుకు పెడతారో చిన్నప్పుడు నాకు తెలియదు గానీ, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లేసరికి దారిలోని కొట్లన్నీ నేను చూసేసేదాన్ని.

అమ్మకి అప్పట్లో ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు, మాట్లాడ్డం అంటే భయం. తలుపు తోసుకుని కొత్త చోటికి వెళ్లడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. మాల్‌లో నడవ వైపు దుకాణాలకి తలుపులుండవు. నేల అలా సాగిపోతుంది, నడుస్తూ నడుస్తూ లోపలికి వచ్చేసి ఉంటాం. కొనడానికి వచ్చినవాళ్ల కాలు గడప దగ్గర ఆగిపోకుండా చూడడం మీద టాబ్‌మన్ జీవితమంతా ఆలోచించాడనీ, 2007లో వేసిన తన పుస్తకానికి ఆ పేరే పెట్టుకున్నాడనీ పెద్దయ్యాక చదివాను. వ్యాపారం కోసం చేసిన పనే. కానీ అమ్మ ఆ దేశంలో ఎవరి తోడూ లేకుండా మొదటిసారి అడుగుపెట్టింది అలాంటి చోట్లోనే. అందుకని ఆ మనిషి మీద నాకు కృతజ్ఞత ఉంది.

సియర్స్ నాన్నది. ఆయన మోటరోలాలో ఇంజనీరు. అక్కడ కొన్న క్రాఫ్ట్స్‌మన్ రెంచి విరిగితే రసీదు కూడా అడక్కుండా కొత్తది చేతిలో పెట్టడం ఆయనకి ఎంత నచ్చిందంటే, ఉత్తరాల్లో తాతయ్యకి కూడా రాశాడు. మా వాషింగ్ మెషీన్ కెన్‌మోర్, కారు బ్యాటరీ డైహార్డ్. రెండూ సియర్స్ సొంత సరుకే. పిల్లలకి పండగ లాంటిది శీతాకాలం ముందు వచ్చే బొమ్మల క్యాటలాగు. దాన్ని చెల్లీ నేనూ పేజీలు పంచుకుని చదివేవాళ్లం. అక్కడే ఫోటో స్టూడియో కూడా ఉండేది. వెనక గోధుమరంగు తెర, ముందు పట్టులంగాల్లో మేమిద్దరం. ఆ ఫోటోలు తెనాలి, బాపట్ల, గుంటూరు చుట్టాల ఇళ్లకి పోస్టులో వెళ్లాయి.

మార్షల్ ఫీల్డ్స్‌కి వెళ్లేటప్పుడు అమ్మ మంచి చీర కట్టుకునేది. కొనేది తక్కువ. ముదురాకుపచ్చ సంచీలో ఫ్రాంగో చాక్లెట్ల డబ్బా మాత్రం ఇండియా ప్రయాణం ముందు తప్పనిసరి. పుదీనా వాసన వేసే ఆ చాక్లెట్లని అప్పట్లో షికాగో స్టేట్ స్ట్రీట్‌లోని పెద్ద దుకాణం పదమూడో అంతస్తులో తయారు చేసేవారు. బియ్యం, పప్పులు, కరివేపాకు కావాలంటే షికాగోలో మన కొట్లుండే డెవాన్ అవెన్యూకి వెళ్లాలి, దానికి నెలకో ఆదివారం. మిగతా బతుకంతా ఉడ్‌ఫీల్డ్‌లోనే.

నాన్నమ్మ వచ్చిన చలికాలం నాకు బాగా గుర్తు. బయట మంచు, ఇంట్లో కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి. నాన్న ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ అమ్మనీ నాన్నమ్మనీ మాల్ దగ్గర దింపేవాడు. కొట్లు తెరవకముందే నడవలో నడిచే ముసలివాళ్లు అక్కడ చాలామంది. చీర మీద స్వెట్టరు, కాళ్లకి బూట్లు వేసుకున్న నాన్నమ్మ వాళ్లలో కలిసిపోయింది. ఒక పోలిష్ ముసలమ్మతో స్నేహం కూడా కుదిరింది. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు. మోకాళ్లు చూపించుకుని, మనవల ఫోటోలు చూపించుకుని, రోజూ కలిసే నడిచేవాళ్లు.

తర్వాత అమ్మ జేసీ పెనీలో కర్టెన్ల విభాగంలో ఉద్యోగానికి చేరింది. సాయంత్రాలూ, శనివారాలూ. కిటికీ కొలత చెబితే ఎంత గుడ్డ పడుతుందో కాగితం కలం లేకుండా చెప్పేది. మాట్లాడ్డానికి భయపడిన మనిషి, కొత్తగా ఇల్లు కొన్న దంపతులకి ఏ రంగు ఎండకి వెలుస్తుందో వివరించడం నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. అంత గర్వం నాకు మరెప్పుడూ కలగలేదు. ఆ విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరైన ఆడవాళ్లు ఉండేవాళ్లు. ఆ జీతంతోనే పిల్లల్ని కాలేజీకి పంపారు. మాల్ చరిత్ర రాసేవాళ్లు చదరపు అడుగులు లెక్కపెడతారు గానీ, వీళ్ల గురించి రాయరు.

1995లో నార్డ్‌స్ట్రామ్ అనే ఇంకో యాంకర్ వచ్చింది, మాల్ ఇంకా పెరిగింది. 2006 సెప్టెంబరులో మార్షల్ ఫీల్డ్స్‌ని కొన్నవాళ్లు ఆ బోర్డులు తీసి తమ మేసీస్ బోర్డులు పెట్టారు. షికాగోలో జనం వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. నేను వాళ్ల పక్షమే. కొన్నవాళ్లకి హక్కుంది, నిజమే, కానీ ఒక ఊరు వందేళ్లకు పైగా తనదనుకున్న పేరుని తీసేయడం తప్పు.

సియర్స్ సంగతి అంతకన్నా బాధ. ఇంటర్నెట్ వల్ల పోయిందంటారు, నేను ఒప్పుకోను. ఊళ్లోకి కార్లు వస్తున్నాయని పసిగట్టి, పోస్టులో సరుకులమ్మే కంపెనీ చేత 1925 నుంచి దుకాణాలు తెరిపించిన జనరల్ వుడ్ దూరదృష్టి తర్వాతివాళ్లకి లేకపోయింది. ఇంటింటికీ సరుకు పంపడంలో అంత అనుభవం ఉన్న సంస్థ 1993లో తన పెద్ద క్యాటలాగు ఆపేసింది. ఆ మరుసటి ఏడే అమెజాన్ పుట్టింది. 2005లో కేమార్ట్ అనే ఇంకో దుకాణాల సంస్థతో కలిశాక దుకాణాల మీద ఖర్చు తగ్గించారు, స్థలాలు అమ్ముకున్నారు. 2018 అక్టోబరులో దివాలా పిటిషను వేశారు. ఉడ్‌ఫీల్డ్‌లోని దుకాణం 2021 నవంబరులో మూతపడింది. ఇలినాయ్‌లో మిగిలిన ఆఖరి సియర్స్ అదే. అప్పటికి మాల్‌లోని ఇంకో యాంకర్ లార్డ్ అండ్ టేలర్ కూడా వెళ్లిపోయింది.

అయినా ఉడ్‌ఫీల్డ్ చచ్చిపోలేదు. అమెరికాలో ఎన్నో మాల్‌లు కూల్చేశారు, ఇది నడుస్తూనే ఉంది. శనివారాల్లో ఇప్పుడు తెలుగు బాగా వినపడుతుంది. ఐటీ ఉద్యోగాలకి వచ్చిన కొత్త కుటుంబాలు పిల్లల్ని బండ్లలో తోసుకుంటూ తిరుగుతాయి. జేసీ పెనీ ఉంది. కర్టెన్లు మార్చాలంటే అమ్మ ఇప్పటికీ అక్కడికే వెళ్తుంది. గుడ్డ తిరగేసి కుట్టు చూస్తుంది, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో అక్కడి అమ్మాయికి వివరంగా చెప్పి మరీ వస్తుంది.