తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?

శుక్రవారం సాయంత్రం స్టాక్‌హోంలో ఓడెక్కితే శనివారం పొద్దున హెల్సింకీలో దింపుతుంది. పగలంతా ఊరు చూసి సాయంత్రం మళ్లీ ఓడెక్కితే ఆదివారం పొద్దున్నే ఇంటికి. స్వీడన్‌లో ఉండేవాళ్లకు ఇదొక షికారు. పోయిన ఫిబ్రవరిలో మా తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు, అతని స్నేహితుల కుటుంబాలతో కలిసి పదకొండు మందిమి బయల్దేరాం. అందరం తెలుగువాళ్లమే.

అలాగని నేననుకున్నాను. ఓడలో భోజనాల దగ్గర ఒక కుర్రాడు, మంచివాడే, "సార్, తెలుగు భలే మాట్లాడుతున్నారే! ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు.

ఇరవయ్యేళ్లుగా తెలుగు పత్రికల్లో రాస్తున్నాను. ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మా అబ్బా నల్లగొండ జిల్లాలో బడిపంతులు. తెలుగు సారు. ఊళ్లో సగం మందికి అఆలు దిద్దించింది ఆయనే. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, వాకిట్లోకొస్తే తెలుగు. ఏది ముందొచ్చిందో నాకే తెలీదు. ఇదంతా చెప్పబుద్ధి కాలేదు. "మా ఇంట్లోనే" అన్నాను. జోకనుకుని నవ్వాడు.

రాత్రంతా మంచు పలకలు ఓడ పక్కలకు రాసుకుంటున్న చప్పుడు. తెల్లారి చూస్తే సముద్రం కాదు, తెల్లటి మైదానం. ఊళ్లో మైనస్ పదిహేను డిగ్రీలు. ఊపిరి మీసాల మీదే గడ్డకట్టింది. 1852లో పూర్తయిన తెల్లటి పెద్ద చర్చి మెట్ల మీద ఫోటోలు దిగాం. పిల్లలు మంచు ముద్దలతో కొట్టుకున్నారు. అప్పుడు నేను హియెతానియెమి శ్మశానం చూడాలన్నాను. "సెలవులో శ్మశానమేంటి సార్?" అని నవ్వినా, నలుగురు నా వెంట వచ్చారు.

అక్కడ తాతార్ల ఖబరస్తాన్ ఉంది. ఫిన్లాండ్ రష్యా ఏలుబడిలో ఉన్నప్పుడు, పందొమ్మిదో శతాబ్దం చివర్లో, నీజ్నీ నొవ్‌గొరొద్ పక్క పల్లెల నుంచి బట్టలు, ఉన్ని తోళ్లు అమ్ముకుంటూ వచ్చి నిలిచిపోయిన ముస్లింలు వాళ్లు. ఇప్పటికీ వెయ్యి మంది లోపే. 1925లో ప్రభుత్వ గుర్తింపుతో సంఘం పెట్టుకున్నారు. 1942లో యార్వెన్‌పా ఊళ్లో కర్రతో మసీదు కట్టుకున్నారు. ఇంట్లో తాతార్ భాష, బయట ఫిన్నిష్. మాలాగే.

సమాధి రాళ్ల మీద మంచు. చేత్తో తుడిచాను. ఒక రాయి మీద పైన అరబ్బీ లిపి, కింద లాటిన్ లిపి. పైది నేను చదివాను, కిందిది ఆ కుర్రాడు చదివాడు. ఒకటే పేరు. నేను ఫాతెహా చదువుతుంటే పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వీళ్లు ఈ దేశం వాళ్లా, బయటివాళ్లా సార్?"

1939 నవంబరు 30న సోవియట్ సేన ఫిన్లాండ్ మీద పడ్డప్పుడు తాతార్లు కూడా ఈ దేశం పక్షాన పోరాడారనీ, ప్రాణాలిచ్చారనీ చెప్పాను.

"అయితే ఇక్కడివాళ్లే" అన్నాడు.

ఆ మాట చలికన్నా ఎక్కువ కోసింది. యుద్ధం సంగతి చెప్పకపోతే? బట్టలమ్ముకుని, పిల్లల్ని సాకి, ముసలితనంతో పోయిన తాతార్ అవ్వ ఏ దేశస్థురాలు? మనమూ అంతే. ఎవరైనా అనుమానంగా చూడగానే 1965 యుద్ధంలో పరమవీర చక్ర పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరెత్తుతాం. చచ్చిపోయినవాణ్ని సాక్షిగా తెస్తే గానీ బతికున్నవాడికి ఊళ్లో చోటు లేదా? పక్కింటివాణ్ని ఎవరూ ఈ రసీదు అడగరే!

అబ్బా ఏ యుద్ధానికీ పోలేదు. సుద్దముక్కలా అరిగిపోయాడు. 1992 డిసెంబరు తర్వాత ఒకరోజు చాయ్ హోటల్లో, ఆయన దగ్గర చదువుకున్నవాడే, "మీ పాకిస్తాన్ మ్యాచ్ గెలిచిందా సారూ?" అన్నాడు. అబ్బా చాయ్ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. ఆ హోటలుకు మళ్లీ పోలేదు.

ఐదింటికి ఓడ కదిలింది. అప్పటికే చీకటి పడుతోంది. భోజనాల దగ్గర ఆ కుర్రాడు ఏ గిన్నెలో పంది మాంసముందో అడిగి తెలుసుకొచ్చి నాకు చెప్పాడు. పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నిన్న అడిగావు గదా. మా నాయన తెలుగు పంతులు. తెలుగు నేను నేర్చుకోలేదు బాబూ. నీకెట్లా వచ్చిందో నాకూ అట్లాగే వచ్చింది."

కాసేపు తలొంచుకున్నాడు. "సారీ సార్" అన్నాడు.

"సారీ ఎందుకు? ఇంకెవర్నీ అడక్కు, చాలు" అన్నాను.