మెట్ల మలుపులో బీరువా

2020 మార్చి వరకు నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాణ్ణి. లాక్‌డౌన్‌తో నా పని ఆగిపోయింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కి వచ్చిన పిల్లలు హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిపోయారు. వాళ్లను నమ్ముకుని మంచాలు, బల్లలు, బీరువాలు అమ్మే నారాయణగూడ షాపు ఒకటి సరుకు కదలక ఇబ్బంది పడింది. ఆన్‌లైన్‌లో పెడదామని ఆగస్టులో ఆ షాపాయన నన్ను పిలిచాడు. పద్నాలుగు వస్తువులు. ఐదు నెలల తర్వాత దొరికిన పని. వెంటనే ఒప్పుకున్నాను.

ఫొటోలు నా గదిలోనే తీయాలనుకున్నాను. ఆ గది చిక్కడపల్లిలో, రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు. గది పొడవు 14 అడుగులు. మేం పెట్టాలనుకున్న ఆన్‌లైన్ సైట్‌లో మొదటి ఫొటోకి వెనకంతా తెల్లగా ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. ఆరున్నర అడుగుల బీరువాను 50 ఎంఎం లెన్స్‌తో అలా తీయాలంటే 11 అడుగులు వెనక్కి జరగాలి. నీడ పడకుండా బీరువాకీ తెల్ల పరదాకీ మధ్య ఐదడుగులు వదలాలి. బీరువా లోతు, నేను నిలబడే చోటు కలిపితే 20 అడుగులు. ఈ లెక్క నేను ముందు వేసుకోలేదు.

చోటు చాలక 24 ఎంఎం లెన్స్ పెట్టి, దగ్గర నుంచి కెమెరాను పైకి వంచి తీశాను. బీరువా కింద వెడల్పుగా, పైన సన్నంగా వచ్చింది. షాపాయన చూసి, "గిట్లుందేంది తమ్మీ? కొన్నోడు వాపస్ పంపుతడు" అన్నాడు. ఆయన మాట నిజం. మళ్లీ ఫొటో తీయడానికి, అప్పటికే కిందికి దింపేసిన బీరువాను తిరిగి పైకి ఎక్కించాల్సి వచ్చింది.

ఆ రోజు ఇద్దరు హమాలీలనే పిలిచాను. మూడో మనిషి కూలి మిగులుతుందని పక్కన నేనే పట్టుకున్నాను. మొదటి అంతస్తు మలుపులో పైన తాడు పట్టుకున్న మనిషి కాలు జారింది. బీరువా పక్కకు ఒరిగి, నా ఎడమ చెయ్యి దానికీ రెయిలింగ్‌కీ మధ్య ఇరుక్కుంది. కింద ఉన్న హమాలీ అన్న "చెయ్యి గుంజుకో తమ్మీ!" అని అరుస్తూ బరువంతా భుజం మీద ఆపాడు. ఆయన పక్కకు తప్పుకుని ఉంటే ఆ బీరువా నా మీదే పడేది.

నాకు రెండు వేళ్ల ఎముకలు విరిగాయి. ఆరు వారాలు కట్టు. ఆయన భుజం వాచి, రెండు వారాలు పనికి వెళ్లలేకపోయాడు. ఆ రోజుల కూలి విడతలు విడతలుగా ఇచ్చాను. ఆయన అడగలేదు. నేను మిగుల్చుకోవాలనుకున్నది ఒక మనిషి ఒక పూట కూలి. దానికి ఆయన భుజం బలి అయింది. ఈ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

కట్టు విప్పాక ఆ పని పూర్తి చేశాను. ఈసారి కెమెరా, లైట్లు, తెల్లగుడ్డ, థర్మోకోల్ షీట్లు మోసుకుని షాపువాళ్ల గోదాముకే వెళ్లాను. లోపల 30 అడుగుల పొడవుంది. రాత్రి షట్టర్ దించాక మొదలుపెట్టాం. బీరువా కింద గోనెసంచి వేసి నాలుగడుగులు జరిపితే సరిపోయింది. తలుపు అద్దంలో నేను కనపడకుండా, లెన్స్ పట్టేంత కన్నం చేసిన తెల్లగుడ్డ అడ్డం కట్టాను. 50 ఎంఎం లెన్స్‌తో గీతలన్నీ నిటారుగా వచ్చాయి. ఆ రాత్రి ఎవరూ ఏ మెట్లూ ఎక్కలేదు.

ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే చెబుతున్నాను. పెద్ద వస్తువును మీ గదికి రప్పించకండి, మీరే దాని దగ్గరకు వెళ్లండి. తప్పక మోయించాల్సి వస్తే, ముందు టేపు తీసుకుని మెట్ల మలుపు కొలవండి. మూడో మనిషి కూలి లెక్కలో రాసుకున్నాకే ధర చెప్పండి.