తాలు గింజల మేలు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్తే అపార్ట్‌మెంట్ల నడుమ ఇప్పటికీ అక్కడక్కడ వరిమళ్ళు కనిపిస్తాయి. వెనుకటి రోజుల్లో కల్లంలో వడ్లు తూర్పారబడితే గట్టిగింజ కాళ్ళ దగ్గర రాలేది, తాలు గాలికి దూరంగా పోయేది. పైకి రెండూ వడ్లే. ఒకదానిలో బియ్యం ఉంది, రెండవదానిలో లేదు. పసలేని వ్యాసం రాసిన పిల్లవాణ్ణి "అంతా తాలే" అని మందలించిన తెలుగు పండితుణ్ణి నేను. ఆ తాలుకు చేతులు జోడించవలసిన రోజొకటి వస్తుందని ఊహించలేదు.

1998లో మా ఊళ్ళో హెపటైటిస్-బి టీకా శిబిరం పెట్టారు. అంతకు ముందు సంవత్సరమే మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను జన్యు సాంకేతిక పద్ధతిలో, మన దేశంలో తొలిసారిగా తయారుచేసింది. వ్యవస్థాపకులు వరప్రసాద్ రెడ్డిగారు చదివినది ఎలక్ట్రానిక్స్. సంస్థకు పెట్టుకున్నది తల్లి శాంతమ్మగారి పేరు. అప్పటిదాకా ఆ టీకా విదేశాల నుంచి, సామాన్యునికి అందని ధరకు వచ్చేది. అటువంటిది పొరుగున తయారై మా ఊరికే వస్తే నేనన్న మాట ఇది: "రోగాన్ని సూదితో ఒంట్లోకి ఎక్కించుకోవడమేమిటి?" పంతులుగారి మాట కదా, కొందరు వెనుదిరిగారు. వారిలో మా తమ్ముడొకడు.

2011లో వాడికి కామెర్లు వచ్చాయి. ముందు పసరు పోయించాము. ఆసుపత్రికి తీసుకుపోయేనాటికి కాలేయం గట్టిపడిపోయింది. హెపటైటిస్-బి అన్నారు. 2013లో వాడు దక్కలేదు. "ఈ రోగం ముదిరేది ఎక్కువగా పసితనంలో సోకినవారికే, పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదుగురు కోలుకుంటారు, మీ తమ్ముడికి ఎప్పుడో చిన్ననాడే సోకి ఉండవచ్చు" అని వైద్యుడు ఓదార్చాడు. ఆ ఓదార్పు నాకు సగమే ఆనింది. వాడికి ఆ టీకా పనిచేసేదో లేదో, వద్దన్నది మాత్రం నేనే.

ఆ తరువాత, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం చేసే నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. రైతుబిడ్డ. అసలు వైరస్ అంటే ఏమిటో చెప్పమన్నాను. శిష్యుడు గురువయ్యాడు.

వైరస్ అంటే ఒక చిన్న వ్రాత, దాని చుట్టూ ప్రొటీను తొడుగు. వ్రాతను తొడుగులో ఇమడ్చడమే దాని ప్రజ్ఞ. బాక్టీరియాలను పట్టే ఫై29 అనే వైరస్ ముందు ఖాళీ తొడుగు కట్టుకుంటుంది. తరువాత తొడుగు ద్వారం దగ్గర ఉన్న ఒక సూక్ష్మయంత్రం, తొడుగు పొడవుకు నూరు రెట్లకు మించిన డీఎన్ఏ దారాన్ని లోపలికి కూరుతుంది. 2001లో ఆ యంత్రపు బలాన్ని కొలిచి చూస్తే, లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు అరవై రెట్లని తేలింది.

హెపటైటిస్-బి దారి వేరు. దాని డీఎన్ఏ మొత్తం 3,200 అక్షరాలు. మన శతకాలలో కొన్ని పదుల పద్యాలకు సరిపోయేంత. అది డీఎన్ఏను కూరదు. ఆర్ఎన్ఏ అనే నకలును, దానితోపాటు ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టి, చుట్టూ తొడుగు మూసేస్తుంది. ఆ మూసిన గదిలో కూర్చుని లేఖకుడు నకలును తిరిగి డీఎన్ఏగా వ్రాస్తాడు. ఆపైన మరొక పైపొర కప్పుకుని వైరస్ బయటికి వస్తుంది.

ఇక్కడే అసలు విశేషం. ఆ పైపొర ప్రొటీను అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా తయారవుతుంది. మిగిలినదంతా తనంత తానే ముద్దకట్టి, 22 నానోమీటర్ల డొల్లబంతులై రక్తంలో తేలుతుంది. అసలు వైరస్ ఒక్కటుంటే ఆ డొల్లలు వేలల్లో. వాటిలో వ్రాత లేదు. 1965లో బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో మొదట గుర్తించినది ఈ ప్రొటీనునే. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. మేడ్చల్‌వారు చేసినదేమంటే, ఆ ఒక్క ప్రొటీనుకు సంబంధించిన వ్రాతను ఈస్టు కణంలో పెట్టి, వైరస్ ప్రమేయమే లేకుండా ఆ డొల్లలను పండించడం.

"సార్, టీకాలో ఉన్నది తాలు. మొలకెత్తడానికి లోపల గింజే లేదు. కాని మన ఒంట్లోని కావలివాళ్ళు పొట్టును చూసి జాతిని గుర్తుపెట్టుకుంటారు" అన్నాడు వాడు. అన్ని టీకాలూ ఇలా ఉండవట. 2021లో అదే జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ నుంచి వచ్చిన కోవాక్సిన్‌లో ఉన్నది గింజతో సహా పూర్తి వైరసే. కాకపోతే రసాయనంతో మొలకెత్తే శక్తి తీసేసినది.

చాలాసేపు నేనేమీ మాట్లాడలేదు. వాడికి మా తమ్ముడి సంగతి తెలియదు. ఆ ముక్క 1998లో ఎవరినైనా అడిగి ఉంటే పది నిమిషాలలో చెప్పేవారు. నేను అడగలేదు. అడగకుండానే చెప్పడం పంతులుకు అలవాటైపోతుంది.

పుట్టిన ఇరవై నాలుగు గంటలలోపు ఈ టీకా తొలి మోతాదు వెయ్యాలి. మనుమరాలు పుట్టిన రోజు నర్సమ్మ సూది తీసి, "కాలు కదలకుండా పట్టుకుంటారా తాతా?" అని అడిగింది. పట్టుకున్నాను. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. సూదికి భయపడ్డాననుకుని ఆమె నవ్వింది.